తలనొప్పికి వేడి కాపడం – నేను పొందిన మేలు, చేసిన పొరపాటు

(సంఘం వార్షిక సభలో ఆరోగ్య కార్యక్రమం సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. "వేడి చికిత్సతో మీకు తలనొప్పి తగ్గిందని కనపడిన వారికల్లా చెబుతుంటారుగా, అదే మైకులో చెప్పండి" అన్నారు. చెబుతాను. అయితే ఆ మాట నేను కనపడిన వారికల్లా చెబుతూ తిరగడం వల్ల ఒక మనిషికి నష్టం కూడా జరిగింది. అది దాచిపెట్టి మొదటిది ఒక్కటే చెప్పడం న్యాయం కాదు. నేను డాక్టరును కాను. 1972లో ఆర్.ఎం.ఎస్.లో సార్టరుగా చేరి 2010లో రిటైరయిన వాణ్ణి. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఏ ఉత్తరం ఏ గూట్లో వేయాలో చూసుకున్నవాణ్ణి. వైద్యం గురించి నేను చెప్పేదంతా ఒక రోగి నేర్చుకున్నది, డాక్టర్లను అడిగి తెలుసుకున్నది మాత్రమే.

నాకు పార్శ్వపు నొప్పి మొదటిసారి వచ్చింది 1975లో, బెజవాడ నుంచి వాల్తేరు వెళ్ళే సెక్షనులో. అర్ధరాత్రి దాటింది. ఏలూరు సంచి విప్పి కట్ట చేతిలోకి తీసుకున్నాను. పై కవరు మీద రాజమండ్రి అని ఉంది. నాకు "రాజ" కనపడుతోంది, "మండ్రి" కనపడటం లేదు. ఆ చోట నీళ్ళ మీద ఎండ తళతళలాడినట్టుగా, రంపపు పళ్ళలాంటి గీత ఒకటి వణుకుతోంది. కళ్ళు నులుముకున్నాను. కళ్ళు మూసుకున్నా గీత అలాగే ఉంది. ఇరవై నిమిషాలకు గీత పోయి, ఎడమ కణత మీద సుత్తితో కొట్టడం మొదలయింది. వ్యానులో లక్క కరిగించే వాసన, బండి కుదుపు, నెత్తి మీద దీపం. వాంతి అయింది. మా హెడ్ సార్టరుగారు, ఇప్పుడు కీర్తిశేషులు, నన్ను ఖాళీ సంచుల మీద పడుకోబెట్టి నా గూళ్ళు కూడా తామే చూశారు. అప్పటికే తునికి పోవలసినవి కొన్ని తణుకు గూట్లో పడ్డాయి. ఎక్స్‌ప్లనేషను రాసి ఇచ్చుకున్నాను.

ఆ గీతలు అందరికీ రావు. పార్శ్వపు నొప్పి ఉన్నవారిలో ఎక్కువమందికి నేరుగా నొప్పే వస్తుంది. దానితో పాటు వెలుతురు పడకపోవడం, చప్పుడు పడకపోవడం, కడుపులో తిప్పడం ఉంటాయి. మగవారికంటే ఆడవారికి ఇది దాదాపు మూడు రెట్లు ఎక్కువ అంటారు. మన ఇళ్ళలో ఎంతమంది ఆడవాళ్ళు తలకు తుండుగుడ్డ బిగించి కట్టుకొని, ఆ నొప్పితోనే వంట చేసి, మనకు క్యారియరు కట్టి డ్యూటీకి పంపారో మనం ఎన్నడూ లెక్క వేయలేదు.

డ్యూటీ దిగి ఇంటికి వస్తే మా అమ్మ శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేసేది. అది ఆరుతూ చురచుర మండుతుంటే నొప్పి మీద ధ్యాస కొంచెం మళ్ళేది. అమృతాంజనం సంగతి చెప్పనక్కరలేదు. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో మొదలుపెట్టిన ఆ పసుపుపచ్చ సీసా లేని తెలుగు ఇల్లు మన చిన్నతనంలో లేదు. మా నాయనమ్మ పద్ధతి మాత్రం వేరు. ఒక వెడల్పు గంగాళంలో వేడినీళ్ళు పోసి, నా కాళ్ళు అందులో పెట్టించి, ఒంటికి దుప్పటి చుట్టి, నెత్తి మీద చన్నీళ్ళలో తడిపిన గుడ్డ వేసేది. "కాళ్ళు కాలాలిరా, తల చల్లబడాలి" అనేది. ఉద్యోగం వచ్చిన కుర్రవాణ్ణి, నాకు ఇదంతా మోటుగా తోచేది. నాయనమ్మ పోయాక ఆ గంగాళం అటక ఎక్కింది. నేను మాత్రల్లోకి దిగాను.

మాత్రల గురించి త్వరగా చెప్పేస్తాను. ఎర్గోటమైను, కెఫీను, పారాసిటమాల్ కలిసిన మాత్ర ఒకటి ఉండేది. మొదట్లో అమృతంలా పని చేసింది. 1996 నాటికి నెలలో పద్ధెనిమిది, ఇరవై రోజులు వేసుకుంటున్నాను. చేతివేళ్ళు, కాళ్ళు ఎప్పుడూ చల్లగా ఉండేవి. ఆ మందు రక్తనాళాలను బిగిస్తుందని నాకు తెలియదు. చివరకు ఒక నరాల డాక్టరుగారు నా చిట్టీలన్నీ చూసి, "మీకిప్పుడున్న తలనొప్పి సగం ఈ మాత్ర తెచ్చిందే" అన్నారు. ఉత్త పారాసిటమాల్ లాంటివి నెలకు పదిహేను రోజులు, ఇలాంటి మిశ్రమ మాత్రలు నెలకు పది రోజులు, అలా మూడు నెలలు దాటి వాడితే మందే తలనొప్పిని తెస్తుందని వైద్యుల లెక్క. ఆ మాత్ర మానిన మొదటి రెండు వారాలు నరకం చూశాను. తరువాత ఆయన ఇచ్చిన ప్రొప్రనొలాల్‌తో నెలకు నాలుగైదు సార్లకు తగ్గింది. ఈ గదిలో ఎవరి సంచిలోనైనా తలనొప్పి మాత్రల స్ట్రిప్పులు రెండు కంటే ఎక్కువ ఉంటే, ఇంటికి వెళ్ళాక క్యాలెండరు మీద వేసుకున్న రోజులకు చుక్కలు పెట్టి నెలాఖరుకు లెక్కపెట్టండి. నేను లెక్క పెట్టకే ఏళ్ళు పోగొట్టుకున్నాను.

ఇక అసలు సంగతికి వస్తాను. 2016లో మా అమ్మాయి ఇంటికి హైదరాబాదు వెళ్ళినప్పుడు వాళ్ళ వీధి చివర ఒక వెల్‌నెస్ క్లినిక్ కనపడింది. మనకు వెల్‌నెస్ సెంటర్ అంటే మన సీజీహెచ్ఎస్ డిస్పెన్సరీ. ఆ పేరు చూసి, బి.పి. మాత్రలు ఇక్కడే తీసుకోవచ్చు కాబోలని మా కార్డు కూడా జేబులో పెట్టుకొని లోపలికి వెళ్ళాను. లోపల చందనం వాసన, నీళ్ళు పడుతున్న చప్పుడు, తెల్ల చొక్కా వేసుకున్న అమ్మాయి. "అంకుల్, మీకు ఏం ప్రాబ్లమ్?" అంది. తలనొప్పి అన్నాను. ఆవిరి స్నానం, మెడకు వేడి కాపడం, వేడి రాళ్ళు, కాళ్ళకు వేడినీళ్ళు, అన్నీ కలిపి ఇరవై ఒక్క సిట్టింగుల ప్యాకేజీ అంది. డి.ఎ. ఎరియర్సు అప్పుడే పడ్డాయి. కట్టేశాను.

మొదటి రోజు ఆవిరి పెట్టెలో కూర్చోబెట్టారు. తల మాత్రం పైకి ఉంటుంది, మెడ నుంచి కింది భాగమంతా చెక్కపెట్టె లోపల ఆవిరిలో ఉంటుంది. పది నిమిషాలకు గుండె దడదడలాడింది, కళ్ళ ముందు నా పాత రంపపు గీత వచ్చి నిలబడింది. ఆ సాయంత్రం వచ్చిన నొప్పి మూడేళ్ళలో రాలేదు. తరువాత తెలుసుకున్నాను. చాలామందికి ఎండ, ఉక్కపోత, ఒంట్లో నీళ్ళు తగ్గడం పార్శ్వపు నొప్పిని రేపుతాయి. మే నెల ఎండలో పెన్షను లైనులో నిలబడితే తల పగిలేవారికి, డబ్బు కట్టి అదే ఎండను పెట్టెలో పెట్టి ఇచ్చినట్టు! పైగా బి.పి. మాత్రలు వేసుకునే మన వయసు వారికి ఆవిరి పెట్టెలోంచి లేచేటప్పుడు రక్తపోటు పడిపోయి తూలే ప్రమాదం ఉంది. నాకు ఆవిరి వద్దని చెప్పేశాను.

రెండవ వారంలో ఒక రోజు మెడ వెనుక పట్టేసినట్టుండి, ఆవులింతలు వస్తున్నాయి. నాకు నొప్పి రాబోతోందనడానికి అదే గుర్తు. అక్కడ పనిచేసే ఒక కుర్రవాడు, ప్రకృతి వైద్యం చదివినవాడట, నన్ను చీకటి గదిలోకి తీసుకెళ్ళాడు. ఒక తొట్టెలో వేడినీళ్ళు పోశాడు. థర్మామీటరు పెట్టి చూశాడు. గ్లాసుడు నీళ్ళు తాగించి, కాళ్ళు అందులో పెట్టించి, దుప్పటి కప్పి, ఐసునీళ్ళలో తడిపిన గుడ్డ నెత్తికి, మెడ వెనుకకు చుట్టాడు. ఆ గుడ్డ తలకు తగిలిన క్షణంలో నాకు మా నాయనమ్మ గంగాళం గుర్తుకు వచ్చింది. నలభై ఏళ్ళ తరువాత, సిట్టింగుకు ఇంత అని డబ్బు కట్టి, నాయనమ్మ దగ్గరకే చేరాను. ఇరవై నిమిషాలకు నుదుట చెమట పట్టింది. నొప్పి రాలేదని చెప్పను, వచ్చింది. కాని కుంపటి మీద బూడిద కప్పినట్టు అణిగి ఉంది. ఆ రాత్రి మాత్ర వేసుకోకుండా నిద్రపోయాను.

ఇది కొత్తగా వచ్చిన విద్య కాదు. జర్మనీలో లైప్‌జిగ్‌కు చెందిన లూయీ కూనే రాసిన జలచికిత్స గ్రంథాన్ని ద్రోణంరాజు వెంకటాచలపతి శర్మగారు 1894లోనే తెలుగులోకి తెచ్చారు. గాంధీజీ ఆ పుస్తకాలు చదివి తన మీదా, తనవారి మీదా ప్రయోగించి, 1946లో పూనా దగ్గర ఉరులీ కాంచన్‌లో ప్రకృతి చికిత్స ఆశ్రమం పెట్టించారు. ఆయన తలనొప్పికి చెప్పింది మాత్రం వేడి కాదు, తలకు చల్లటి తడిమట్టి పట్టీ! ఇది గమనించదగ్గ విషయం. పార్శ్వపు నొప్పికి తల మీద వేడి పెట్టమని అనుభవజ్ఞులెవరూ చెప్పలేదు. వేడి కాళ్ళకు, చల్లదనం తలకు.

ఎందుకు పనిచేస్తుందంటే, కాళ్ళలో నాళాలు విప్పారి తలలోని రక్తం కిందికి దిగుతుందని పాత ప్రకృతి వైద్యులు చెప్పేవారు. ఆ రోజుల్లో అల్లోపతీ డాక్టర్లు కూడా తలలో నాళాలు ఉబ్బడమే ఈ నొప్పికి మూలం అనుకునేవారు. ఇప్పుడు అంత తేలికగా చెప్పడం లేదు. ముఖానికి, తలకు స్పర్శ తెచ్చే నరం చివరల నుంచి సి.జి.ఆర్.పి. అనే పదార్థం వెలువడి నొప్పిని రగిలిస్తుందని కనుగొన్నారు. ఆ దారిన నడిచిన నలుగురు శాస్త్రజ్ఞులకు 2021లో బ్రెయిన్ ప్రైజ్ ఇచ్చారు. ఆ పదార్థాన్ని అడ్డుకునే ఇంజక్షన్లు 2018 నుంచి వచ్చాయి. నాళాల సిద్ధాంతం సడలినా కాళ్ళ స్నానం మాత్రం అలాగే ఉంది. 2016లో మన దేశంలోనే ప్రచురితమైన ఒక పరిశీలనలో నలభై మంది రోగులను తీసుకొని, సగం మందికి మామూలు మందులు, మిగతా సగానికి ఆ మందులతో పాటు రోజూ ఇరవై నిమిషాలు చేతులకు, కాళ్ళకు వేడినీటి స్నానం, తలకు ఐసు మర్దన, అలా నలభై అయిదు రోజులు చేశారు. స్నానం చేసిన వారికి నొప్పి తీవ్రత, వచ్చే సార్లు ఎక్కువగా తగ్గాయి. నలభై మంది చాలా చిన్న లెక్క. మందులు మానిపించి చేసింది కాదన్న మాట కూడా మరువకూడదు. నా మటుకు నాకు, ఆ ఇరవై నిమిషాలు చీకటి గదిలో ఫోను లేకుండా కళ్ళు మూసుకొని కూర్చోవడంలోనే సగం మందు ఉందేమో అనిపిస్తుంది. మన ఇంట్లో అలా కూర్చుంటే ఎవరో ఒకరు వచ్చి గ్యాసు బుక్ చేశారా అని అడుగుతారు.

మెడ కండరాలు బిగిసి, తల చుట్టూ పట్టీ కట్టినట్టుండే మామూలు తలనొప్పి వేరు. దానికి మెడకు, భుజాలకు కాపడం నిజంగానే సుఖమిస్తుంది. ఇసుక మూటో, రాళ్ళ ఉప్పు మూటో పెనం మీద వేడిచేసి పెట్టుకుంటే చాలు.

ఇరవై ఒక్క సిట్టింగులు అయ్యాక ఇంటికి వచ్చి నేనే చేసుకోవడం మొదలుపెట్టాను. అడిగేవారు చాలామంది ఉన్నారు కాబట్టి ఎలాగో చెబుతాను. ముందు గ్లాసుడు మంచినీళ్ళు తాగాలి. బకెట్టులో పిక్కల దాకా వచ్చేట్టు నీళ్ళు పోసుకోవాలి. నీళ్ళ వేడి చూసే థర్మామీటరు వేరే దొరుకుతుంది, జ్వరం చూసేది పనికిరాదు. ఆ పరిశీలనలో 103 నుంచి 110 డిగ్రీల ఫారన్‌హీటు దాకా వాడారు కాని, నేను ఇంట్లో 104 దాటించను. నెత్తి మీద, మెడ వెనుక తడిగుడ్డ, అది వెచ్చబడగానే మార్చాలి. పదిహేను, ఇరవై నిమిషాలు చాలు. చివర కాళ్ళ మీద రెండు చెంబులు చన్నీళ్ళు పోసుకొని, వేళ్ళ మధ్య కూడా తుడుచుకొని, వెంటనే లేవకుండా మంచం మీద ఒరగాలి. నొప్పి ముదిరిన తరువాత చేస్తే నాకు ప్రయోజనం లేదు, గుర్తులు కనపడగానే చేస్తేనే. పక్కన ఇంకొక మనిషి ఉండాలి.

షుగరు ఉన్నవారు ఇక్కడ జాగ్రత్తగా వినండి. మా అక్కయ్యకు ఇరవై ఏళ్ళ షుగరు. నేను చెప్పగా విని, నీళ్ళ వేడి కాలితోనే చూసుకొని పెట్టుకుంది. ఆ పాదాలకు స్పర్శ లేదని ఆమెకే తెలియదు. "చల్లగానే ఉన్నాయిరా" అనుకుంటూ మరిగే నీళ్ళు ఇంకొక చెంబు కలుపుకుంది. బొబ్బలెక్కి రెండు నెలలు డ్రెస్సింగు. షుగరు వల్ల పాదాలు మొద్దుబారిన వారు, కాళ్ళలో రక్తప్రసారం సరిగా లేనివారు, గుండె జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా దీని జోలికి పోవద్దు.

ఇప్పుడు ఆ రెండవ సంగతి. నాతో పాతికేళ్ళు ఒకే సెట్టులో పనిచేసిన మిత్రులు ఒకరున్నారు. (సభలో వారి పేరు చెప్పాను. అచ్చులో వద్దన్నారు కనుక ఇక్కడ తీసివేశాము.) ఆయన నాకంటే నాలుగేళ్ళు పెద్ద. జన్మలో తలనొప్పి ఎరగరు. నేను వ్యానులో పడుకుంటే, "ఏమిటండీ, ఆడపిల్లలాగా" అని నవ్వేవారు. 2018 శ్రావణమాసంలో ఆయనకు కుడి కణత నొప్పి మొదలయింది. డెబ్భై రెండేళ్ళ వయసు. ఆయన శ్రీమతిగారు నాకు ఫోను చేసి, "అన్నయ్యగారూ, మీకున్నదే ఈయనకూ వచ్చినట్టుంది, మీరు వెళ్ళిన చోటికి తీసుకెళ్ళండి" అన్నారు. అప్పటికి మా ఊళ్ళో కూడా అలాంటి క్లినిక్ ఒకటి వచ్చింది. తీసుకెళ్ళాను. ఇంకొక మాట కూడా చెప్పాలి. కొత్త మనిషిని చేర్పించినందుకు నాకు మూడు సిట్టింగులు ఉచితంగా ఇచ్చారు. తీసుకున్నాను.

తొమ్మిది రోజులు ఇద్దరం బస్సులో వెళ్ళి వచ్చాము. దారిలో ఆయన చెప్పినవన్నీ నాకు ఈనాటికీ ఒక్కొక్కటిగా గుర్తున్నాయి. "దువ్వెన తగిలితే మాడు మండుతోందండీ" అన్నారు. నొప్పి అన్న తరువాత అంతే అన్నాను. "జంతికలు నమలలేకపోతున్నాను, నాలుగు నమిలేసరికి దవడ లాగేసి ఆగిపోవలసి వస్తోంది" అన్నారు. పళ్ళ సెట్టు చూపించుకోండి అన్నాను. "పొద్దున్న లేస్తే భుజాలు బిగుసుకుపోయి చొక్కా చేతులు తొడుక్కోలేకపోతున్నాను" అన్నారు. కాపడం పెట్టే వాళ్ళకు చెబితే భుజాలకు కూడా పెడతారులే అన్నాను, పెట్టారు కూడా. కాస్త సుఖంగానే ఉందన్నారు. ఎనిమిదవ రోజు, "నిన్న రాత్రి కుడికంటికి నల్లటి తెర దించినట్టయి, పది నిమిషాలకు మళ్ళీ విడిపోయింది" అన్నారు. నేను ఎంతో తెలిసినవాడిలా, "అదే పార్శ్వపు నొప్పి గీత, నాకు నలభై ఏళ్ళుగా వస్తోంది, భయం లేదు" అని చెప్పాను.

పదవ రోజు పొద్దున్న ఆయన నిద్ర లేచేసరికి కుడికన్ను లేదు.

పెద్దాసుపత్రిలో ఒక యువ వైద్యురాలు ఆయనను అడిగిన మొదటి ప్రశ్న, "తాతగారూ, ఈ తలనొప్పి మీకు పాతదా, కొత్తదా?" అని. తొమ్మిది రోజుల్లో ఆ మాట మేమెవరమూ అడగలేదు. రెండవ ప్రశ్న, "నమిలితే దవడ నొస్తోందా?" అని. కణత మీద వేలు పెట్టి చూస్తే అక్కడి నాళం తాడులాగా గట్టిపడి ఉంది. రక్తం పరీక్షలో ఇ.ఎస్.ఆర్. నూరు దాటింది. రిపోర్టులన్నీ వచ్చేదాకా ఆగకుండా ఆ పూటే స్టిరాయిడు ఎక్కించడం మొదలుపెట్టారు. కణతల దగ్గరి రక్తనాళాలు వాచే జబ్బు అది, టెంపొరల్ ఆర్టెరైటిస్ అంటారు. యాభై ఏళ్ళు దాటిన వారికే వస్తుంది, డెబ్భై దాటిన వారికి మరీ ఎక్కువ. వాపు కంటికి రక్తం తీసుకుపోయే నాళానికి పాకితే చూపు పోతుంది. పోయిన చూపు సాధారణంగా తిరిగి రాదు. వెంటనే మందు పడితే రెండవ కన్ను దక్కుతుంది. ఆయనకు ఎడమకన్ను దక్కింది. రెండేళ్ళు స్టిరాయిడు మాత్రలు తగ్గించుకుంటూ వేసుకున్నారు, షుగరు వచ్చింది, ముఖం ఉబ్బింది, అన్నీ పడ్డారు.

ఈ జబ్బు మన దేశంలో ఉత్తర ఐరోపాలో ఉన్నంత ఎక్కువ కాదట. అందుకే మనకు స్ఫురించదు. 1890లో లండనులో జొనాథన్ హచిన్‌సన్ అనే వైద్యుడు, ఎనభై దాటిన ఒక వృద్ధుడు కణతల మీద ఎర్రటి చారలు తేలి, నొప్పికి టోపీ పెట్టుకోలేకపోతున్నాడని రాశాడట. ఈ సంగతి విన్నప్పుడు నాకు మా మిత్రుని దువ్వెన గుర్తుకు వచ్చి తల వంచుకున్నాను.

ఆయన చూసిన తెరకు, నేను చూసే గీతకు తేడా ఏమిటని ఆ వైద్యురాలినే అడిగాను. నా గీత వెలుగుతుంది, మెరుస్తూ పాకుతుంది, ఏ కన్ను మూసి చూసినా ఉంటుంది, ఎందుకంటే అది మెదడులో పుడుతుంది. ఆయన తెర నల్లనిది, ఒక్క కంటిది. ఒక కన్ను మూసి, ఇంకొక కన్ను మూసి చూసుకుంటే తేడా తెలిసేది. బస్సులో ఒక్క నిమిషం పని. ఒక్క కన్ను మసకబారితే అది ఏ జబ్బయినా సరే, మరునాటి దాకా ఆగకూడదని ఆవిడ చెప్పారు.

పార్శ్వపు నొప్పి సాధారణంగా వయసులో మొదలై, వయసు మళ్ళేకొద్దీ తగ్గుతుంది. నాకూ ఇప్పుడు నెలకు ఒకటి, రెండు సార్లకు దిగింది. అది కాళ్ళ స్నానం గొప్పో, వయసు గొప్పో నేను తేల్చి చెప్పలేను. యాభై దాటాక మొట్టమొదటిసారిగా తలనొప్పి పట్టుకుంటే మాత్రం అది కొత్త నొప్పి. దానికి కాపడమూ వద్దు, శొంఠి పట్టూ వద్దు, నాలాంటి వాడి సలహా అసలే వద్దు. ముందు డాక్టరు దగ్గరకు వెళ్ళి, నమిలితే దవడ నొస్తోందనీ, దువ్వితే మాడు మండుతోందనీ, భుజాలు బిగుస్తున్నాయనీ వారు అడగకపోయినా మీరే చెప్పండి. ఇ.ఎస్.ఆర్., సి.ఆర్.పి. పరీక్షలు పెద్ద ఖర్చువి కావు. ఉన్నట్టుండి పిడుగు పడినట్టు వచ్చే తలనొప్పి, మాట తడబడటంతో వచ్చేది, చెయ్యి కాలు పట్టు తప్పడంతో వచ్చేది, పడిపోయి తలకు దెబ్బ తగిలాక వచ్చేది – వీటికి డాక్టరు అపాయింటుమెంటు కోసం కూడా చూడకుండా నేరుగా ఆసుపత్రికే పోవాలి.

ఆ క్లినిక్ వాళ్ళను తిట్టడానికి నేను ఇక్కడికి రాలేదు. వాళ్ళ ఫారంలో వయసు అనే గడి ఉంది, 72 అని నేనే నింపాను. నొప్పి ఎప్పటి నుంచి అనే గడి కూడా ఉంది. అందులో "మూడు వారాలు" అని రాసిందీ నేనే. ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడటం ఎవరికీ తోచలేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళు పిన్ కోడు చూసి ఉత్తరం ఏ ఊరిదో పట్టుకున్న నాకూ తోచలేదు. ఆ మూడు ఉచిత సిట్టింగులలో రెండు వాడుకోనేలేదు. ఆ కార్డు ముక్క మా బీరువాలో ఉంది.

ఆయన కోలుకున్న తరువాత నేను వెళ్ళి క్షమించమని అడిగాను. "మీరు నా మంచికే చేశారండీ" అన్నారు. తరువాత కాసేపు ఊరుకొని, "కాని ఈ సంగతి నలుగురిలో చెప్పండి, నా పేరు పెట్టి చెప్పినా సరే" అన్నారు. చెప్పడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. కాళ్ళ స్నానం గురించి అడగదలచినవారు భోజనాల తరువాత వరండాలో నన్ను కలవండి, థర్మామీటరు కూడా తెచ్చాను. రెండవ సంగతి గురించి అడగదలచినవారు ఆయననే అడగవచ్చు. రెండవ వరుసలో కుడి చివర కూర్చున్నారు. ఎడమ వైపు నుంచి వెళ్ళి పలకరించండి, కుడి వైపు నుంచి వస్తే ఆయనకు కనపడరు. సెలవు.